చుట్టం గడి

రెండో జ్వరం. మజిలీ: చిత్రావతి ఇసుక

పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు ముట్టవు. పాత పొర విడిచి లేచేదాకా వాటి జోలికి పోకూడదు. బిడారులో మిగతా బండ్లవాళ్లు తేదీలు చూసుకుంటారు, నాకు పట్టుపురుగుల జ్వరాలే పంచాంగం. నాలుగు జ్వరాలు దాటి, కడుపునిండా తిని, చంద్రికలనే వెదురు తట్టలెక్కి గూడు కట్టాయంటే ఈ బండి మాది. కట్టకపోతే విప్పేస్తారు.

విప్పడమంటే నిజంగా విప్పడమే. వరుసగా రెండు పంటలు పోగొట్టుకున్న బండిని, బిడారును నడిపే పెద్దబండివాళ్లు చక్రాలతో సహా ఊడదీసి, అవసరమున్నవాళ్లకు పంచేస్తారు. ఇంట్లో మనుషులను తలా ఒక బండికి సర్దేస్తారు. కొండమీదివాళ్లు మా పట్టు తీసుకుని మాకు నీళ్లు వదులుతారు. పట్టు పండించని బండికి ఎంతకాలమని నీళ్లు పోస్తారు? పక్కబండికి ఇది జరిగినప్పుడు నేనూ న్యాయమే అన్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతోంది.

పోయిన పంట మాకు పోయింది. మిట్టమధ్యాహ్నం, బయట పిట్ట కూడా ఎగరని ఎండలో, కరెంటు పంచే బోర్డు కాలి కూలర్ ఆగిపోయింది. పొద్దు వాలేసరికి అరల్లో పురుగులన్నీ నల్లబడ్డాయి. ఖాజావలీ వచ్చి ఆ బోర్డుకే అతుకులేసి వెళ్లాడు. బిడారు మొత్తానికి వైరింగు చూసేది అతనొక్కడే. ఆ సంగతి మనం మరిచిపోతామేమోనని రోజూ గుర్తుచేస్తుంటాడు.

అతుకుల బోర్డుతో ఈ పంట గట్టెక్కదు. కొత్తది కావాలని మా ఆయన ఓబులేసుతో పొద్దున చెప్పాను, మధ్యాహ్నం చెప్పాను, టైరు కింద రాళ్లు పెడుతుంటే వెనకాలే నిలబడి మళ్లీ చెప్పాను.

"ఇన్నాను మే. చెవుల్లో పోసినట్ల చెప్పినావు గదా" అన్నాడు.

వినడం వేరు, తేవడం వేరు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మూడో జ్వరం. మజిలీ: బుక్కపట్నం ఎండుచెరువు

ఖాజావలీ రెండు బోర్డులు తెచ్చి మా చాప మీద పరిచాడు. పెళ్లిచూపులకు వచ్చినట్టు మేం ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. నేను, ఓబులేసు, అత్త.

ఒకటి మామూలు ఫ్యూజుల బోర్డు. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ వచ్చి ఒక రాగిపట్టీకి తగులుకుంటుంది. ఆ పట్టీ మీద వరుసగా గడులు, గడికొక ఫ్యూజు. కూలర్‌కొకటి, తేమ చిమ్మే యంత్రానికొకటి, ఫ్యాన్లకు, నీళ్ల పంపుకు, లైట్లకు. తీగ మోయగలిగినదానికంటే ఎక్కువ పారితే ఫ్యూజు కాలిపోయి తీగను కాపాడుతుంది. దుమ్ము పోకుండా గట్టి మూత, పక్కనే, మొత్తం బోర్డు మీద మోత ఎక్కువైతే తనంతట తనే పడిపోయే ఒక పెద్ద స్విచ్చి. అంతా కలిపితే అరచేతి వెడల్పు.

రెండోది తెర ఉన్నది. దాంట్లో ఫ్యూజులుండవు. ఏ గడి ఎంత తాగుతోందో చూపిస్తుంది, హద్దు దాటితే తనే ఆపుతుంది, సర్దుకున్నాక తనే కలుపుతుంది, బోర్డు వేడెక్కితే ముందే కూత పెడుతుంది. చూడగానే నా మనసు దాని మీద పడింది. కూత పెట్టే బోర్డు ఉంటే నేను రాత్రింబవళ్లు చేయి ఆనించి చూసుకునే బాధ తప్పుతుంది.

"అయితే దీంతో ఒగ తకరారు ఉండాది" అన్నాడు ఖాజావలీ. "ప్రతి గడికీ హద్దు చెప్పల్ల. ఒగటి ఖాళీగా ఇడిస్తే మొత్తం బోర్డే లేవదు."

"చెప్పు మరి. ఎవరొద్దన్నారు?"

"చుట్టం గడికీ అడుగుతాది వదినా."

అత్త తమలపాకు నమలడం ఆపింది.

ప్రతి బండికీ బయటివైపు ఇత్తడి మూతతో ఒక సాకెట్టు ఉంటుంది. దారిలో కరెంటు చాలక నిలిచిపోయినవాళ్లు ఎవరైనా సరే, తీగ తెచ్చి దానికి తగిలించుకోవచ్చు. ఎవరు, ఎంత కావాలి, ఎన్నాళ్లు అని ఆ బండివాళ్లు అడగరు. అడిగితే విస్తరి ముందు కూర్చున్నవాణ్ని ఎన్ని ముద్దలు తింటావని అడిగినంత తప్పు. ఆ సాకెట్టు తీగ బోర్డులో మొదటి గడికి వస్తుంది. దాంట్లో ఫ్యూజు పెట్టరు. పెడితే కొలత పెట్టినట్టే కదా! వట్టి రాగిముక్క బిగిస్తారు.

"పోనీ, దానికొక్కదానికీ బ్యాటరీ నుంచే వేరే తీగ లాగుదామా?" అన్నాను.

"వాకిట్లో కూచోబెట్టి పెడతావా చుట్టాన్ని? మనతోపాటు ఒకే పంక్తిలో ఉండల్ల" అంది అత్త.

ఓబులేసు మధ్యేమార్గం వెతికాడు. "ఆ తెరదాంట్లో బో పెద్ద అంకె కొట్టేస్తే పోలా?"

"అది అడిగిందా లేదా?" అంది అత్త.

"అడిగింది."

"మనం చెప్పినామా లేదా? అంతే. ఈ బండిలో చుట్టానికి కొలత పెట్టే పెట్టె నేనుండంగా ఎక్కదు."

నేను వాదించాను. గట్టిగానే వాదించాను. కానీ అత్త ఒకసారి బిగుసుకుంటే ఇంటిల్లిపాది అన్నం సయించకుండా పోతుంది, పురుగులేమో రేపో ఎల్లుండో లేచి ఆకు అడుగుతాయి. సరే, ఫ్యూజులదే కానిమ్మన్నాను. ఖాజావలీ అక్కడే వేళ్ల మీద లెక్క కట్టాడు. కూలర్ ముప్పై ఆంపియర్లు, తేమ యంత్రం ఆరు, ఫ్యాన్లు పన్నెండు, పంపు ఐదు, లైట్లూ హారనూ కలిపి ఏడు. మొత్తం అరవై. ఎండకు తట్టుకోవాలి కాబట్టి పావువంతు పైన వేసుకుంటే డెబ్బై ఐదు.

"ఎనభై మోసే బోర్డు బిగిస్తా. మీ మనవళ్లు కూడా వాడుకుంటారు" అన్నాడు.

నలుగురం విన్నాం. ఆ లెక్కలో చుట్టం లేదని నలుగురికీ తెలుసు. ఏ బండి లెక్కలోనూ ఉండడు.

మూడో జ్వరం లేచాక. మజిలీ: మలకవేముల రాళ్లు

బోర్డు బిగించారు. బ్యాటరీకి మూరెడు దూరంలో, ఎండ తగలని పక్క. తీగలు పొందికగా కట్టి, ఏ గడి దేనిదో పక్కన రాశాడు ఖాజావలీ. అతని నోరు భరించలేం కానీ చేతిపని శుభ్రం.

పురుగులు లేచాయి. కోసిన ఆకు కోసినట్టే అయిపోతోంది. అవి నమిలే చప్పుడు రేకు మీద చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటూ ఆకు తరుగుతాను, వింటూ తట్టలు మారుస్తాను. కాస్త తగ్గినట్టనిపిస్తే చాలు, కత్తి పడేసి బోర్డు దగ్గరికి పరుగు. మూత మీద చేతి వెనకభాగం ఆనిస్తాను. చల్లగానే ఉంటుంది. వెనక్కి వచ్చి కూర్చుంటాను. పది కాడలు తరిగేసరికి మళ్లీ లేస్తాను.

"కొత్త కోడల్ని చూసినట్ల చూస్తాండావే దాన్ని" అని ఓబులేసు వెక్కిరించాడు. నవ్వు రాలేదు. ఈ బండిలో పుట్టినదాన్ని కాను, కానీ చావడం దీంట్లోనే అనుకున్నాను. నన్నొక బండిలో, ఆయన్నొక బండిలో, అత్తనొక బండిలో పెడితే మేమింక ఏమవుతాం?

నాలుగో జ్వరం దాటింది. మజిలీ: ముదిగుబ్బ గుట్టల నీడ

పురుగులు వేలెడు పొడుగయ్యాయి. ఇంకో వారం తింటే చాలు.

పొద్దున ఒక బండి వచ్చి మా పక్కన ఆగింది. పైన కరెంటు పుట్టించే ఎండపలకలు సగం పగిలిపోయి ఉన్నాయి. కిటికీలన్నిటికీ తెరలు. ఒకావిడ దిగి, దండం పెట్టి, ఇత్తడి మూత ఎత్తి తీగ తగిలించుకుంది. నా వయసే ఉంటుంది. పేరు తిప్పక్క అని మాత్రం చెప్పింది. అత్త చెంబుతో నీళ్లిచ్చింది. "నీ ఇల్లే అనుకో తల్లీ" అంది. ఆవిడ బండిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మధ్యాహ్నానికి బోర్డు మూత గోరువెచ్చగా తగిలింది.

మర్నాడు ఇంకొంచెం వేడి. మజిలీ మారినా ఆవిడ బండి మా వెనకే వచ్చి, మళ్లీ మా సాకెట్టుకే తగిలించుకుంది. అలా తగిలించుకోవడం మర్యాదే. రోజుకొక బండి మార్చే చుట్టం మొదటి బండివాళ్లను తక్కువ చేసినట్టు.

ఖాజావలీని పిలిచాను. కూలర్ తీగ విప్పి చూశాడు, బాగుంది. ఫ్యాన్ల ఫ్యూజులు మార్చాడు. పంపు మరలు బిగించాడు. బ్యాటరీ కొసలు తుడిచాడు. గడి గడీ వెతికాడు, మొదటిది తప్ప. దాని దగ్గరికి వచ్చేసరికి అతని వేలు చకచకా రెండోదానికి దూకింది.

"ఖాజన్నా, వేడి ఆ కొసనే ఎక్కువుండాది. చెయ్యి పెట్టి చూడు."

"ఎండకాలం గదా వదినా, రాగి కాగుతాది."

"రెండో కొస కాగదా?"

అతను నా మొహం చూడకుండా సామాన్లు సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "చూస్తా చూస్తా అడగరాని మాట అడగాకు" అని మెల్లగా అన్నాడు.

అత్త కిటికీలోంచి వింటూనే ఉంది. నేను ఆకు తరగడానికి కూర్చున్నాను. చూపు బోర్డు వైపే పోయి వేలు తెగింది. తెగినా కట్టు కట్టుకునే ఓపిక లేక అలాగే తరిగాను.

పురుగు పండి గూటికి ఎక్కే ముందు. మజిలీ: గుట్టల అవతలి నీడ

ఇవాళ బిడారు కదలలేదు. ఎండ అంత ఘోరంగా ఉంది.

అన్నాలవేళకు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. నేను బోర్డు దగ్గరికి చేరేలోపే పెద్ద స్విచ్చి టక్కున పడింది. కూలర్ ఆగింది. ఫ్యాన్లు ఇంకా నాలుగు చుట్లు తిరిగి ఆగాయి. ఆ తర్వాత నమిలే చప్పుడు తప్ప బండిలో ఇంకేమీ లేదు.

ఓబులేసు స్విచ్చి ఎత్తాడు. పడిపోయింది. చల్లారేదాకా ఆగి మళ్లీ ఎత్తాడు. కూలర్ లేచింది, ఇంకాసేపటికి మళ్లీ పడింది. మొదటి గడి చుట్టూ మూత మెత్తబడి జారుతోంది. ముందరి అరల్లో చప్పుడు తగ్గడం విన్నాను. తట్ట లాగి చూస్తే పురుగులు అంచులకు పాకి తలలు వేలాడేసి ఉన్నాయి.

"ఫ్యాన్లు ఆపుదామా?" అన్నాడు ఓబులేసు.

"ఏమి ఆపినా మనదే ఆపల్లనా?"

నేను బయటికి దూకాను. వెనకనుంచి అత్త, "సుంకమ్మా! పోవద్దు! మన గడపకు మచ్చ తేవద్దు!" అని అరుస్తూనే ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ ఇసుకలో నాలుగంగలు వేసి తిప్పక్క తలుపు బాదాను. ఆ తీగ పట్టుకుని పీకేద్దామన్నంత కోపం ఉంది నాకు. పీకేదాన్నే. తలుపు తెరుచుకోవడం ఇంకొంచెం ఆలస్యమై ఉంటే పీకేదాన్నే.

తెరుచుకుంది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. లోపల ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, పట్టపగలు లైట్లన్నీ వెలుగుతున్నాయి, కూలర్ రొద పెడుతోంది. ఆవిడ మాత్రం శాలువా కప్పుకుని వణుకుతోంది.

"నీకెంత కావల్ల?" అన్నాను.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగరు. నేనూ నా జన్మలో అడగలేదు.

"ఎంత కావల్లక్కా నీకు? మా పురుగులు చస్తాండాయి. నీకేమేమి కావల్లో చెప్పు."

ఆవిడ గోడకు చేరగిలబడి, కింద కూర్చుండిపోయింది. "పెట్టెకొక్కదానికే" అంది.

"ఇవన్నీ?"

"ఇవేమీ అక్కర్లేదు. ఒకరి బండికి తగిలించుకుని మనమేదైనా ఆపితే, వాళ్లకు పెట్టే శక్తి లేదని చాటినట్లంట గదా. మా అమ్మ నేర్పింది. చలికి చస్తాండా, ఆపడానికి చెయ్యి రాలేదు."

అప్పటికే నేను కూలర్ ఆపేశాను. ఫ్యాన్లు, లైట్లు, అన్నీ ఆపేశాను. మిగిలింది వెనకగోడ పక్కన పొడుగాటి చల్లపెట్టె ఒక్కటే. దాని మీద దుప్పటి, దుప్పటి మీద ఒక మగమనిషి తలపాగా.

ఇక నేను అడగాల్సిన పని లేకపోయింది. ఆవిడే చెప్పింది.

"హంద్రీ అవతల మా ఆయన వాళ్లమ్మను మట్టిలో పెట్టినారు. ఆ పక్కనే పెట్టమన్నాడు. మాటిచ్చినా. పలకలు పగిలిపోయినాయి, బండి నడిచేదానికే సరిపోతాది, పెట్టెకు చాలదు. ఒగ బిడారు దాటి ఇంగొగ బిడారు పట్టుకుంటా వస్తాండా. అందరూ నీళ్లిచ్చినారు, అన్నం పెట్టినారు. ఎవరూ ఏమీ అడగలేదు. కడప దిక్కు ఒగ బండివాళ్లు నవ్వుతానే సాగనంపినారు. వచ్చేటప్పుడు చూస్తే వాళ్ల ఫ్యాన్లు తిరగడంలే." నా చేయి పట్టుకుంది. "అది నా వల్లనేనా?"

"నీకు చెప్పనోళ్ల వల్ల కూడా" అన్నాను. అప్పుడు నా కోపమంతా ఎటుపోయిందో తెలియదు. "ఆయన పేరేమి?" అని అడిగాను.

"కరిబసప్ప" అంది. చాలాకాలంగా నోట్లో దాచుకున్నదాన్ని బయటికి తీసినట్టు అంది. తర్వాత ఆపుకోలేక ఏడ్చింది. కరిబసప్ప బాగా పాడేవాడట, కోపమొస్తే అన్నం మానేవాడట, టైరు మార్చడం మాత్రం చచ్చేదాకా రాలేదట.

వెనక్కి వచ్చేసరికి మా స్విచ్చి నిలబడింది. కూలర్ తిరుగుతోంది. ముందరి రెండు అరలు పోయాయి. మిగతా నాలుగింటిలో మెల్లగా, ఒకటొకటిగా, నమిలే చప్పుడు మొదలైంది. తిప్పక్క వచ్చి నా పక్కన కూర్చుని ఆకు తరిగింది.

చంద్రికలెక్కి గూళ్లు కట్టాక. మజిలీ: కదిరి దారి చీలిక

నాలుగు అరలవీ ఎక్కాయి. పెద్దబండినుంచి మనిషి వచ్చి, గూళ్ల వరసలు చూసి, "పంటే" అని వెళ్లాడు. ఓబులేసు ఆ మనిషి కనబడనంత దూరం వెళ్లేదాకా ఆగి, టైరు మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. బండి మాకు మిగిలింది. నాకు గంతులెయ్యాలనిపించాలి. వెయ్యలేకపోయాను.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. పళ్లెం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, నోరు విప్పదు. చుట్టాన్ని ఎంత కావాలని అడిగిన కోడలు బిడారు మొత్తంలో నేనొక్కదాన్నే మరి. బట్టలారేసుకునే చోట ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు. ఖాజావలీ మాత్రం కరిగిన మూత మార్చడానికి వచ్చి, "పెట్టె ఒగటే అయితే తొమ్మిది ఆంపియర్లు వదినా. తొమ్మిదే" అన్నాడు. ఈసారి తన గొప్పలు ఏమీ చెప్పలేదు.

ఇక్కడ దారి చీలుతుంది. మేం కదిరి వైపు, తిప్పక్క హంద్రీ వైపు. హంద్రీ చేరేలోపు ఇంకో రెండు బిడారులు తగులుతాయి. అక్కడి బండ్లవాళ్లు కూడా మంచివాళ్లే. నీళ్లిస్తారు, ఏమీ అడగరు.

"తగిలించకముందే చెప్పు" అన్నాను. "తొమ్మిది చాలు, మా ఆయన్ను తీసుకపోతాండానని చెప్పు."

"నోరు రాదక్కా. చుట్టంగా పోయి నాకింత పెట్టండని ఎట్ల అడిగేది?"

అదీ నిజమే. నేనంటే కోపం మీద అడిగేశాను. చల్లగా ఉన్నప్పుడు నాకూ నోరు రాదు. ఇద్దరం దారిలో నిలబడి ఉన్నాం. పొద్దు వాలుతోంది, మా ముందు బండ్లు కదులుతున్నాయి, ఓబులేసు హారన్ కొడుతున్నాడు.

అప్పుడు అత్త మా బండి దిగింది. చంకలో బట్టలమూట, చేతిలో తమలపాకుల సంచి. నన్ను దాటి, తిప్పక్కను దాటి, నేరుగా వెళ్లి ఆ బండి ముందుసీటులో కూర్చుంది.

"అత్తా?"

"చుట్టం చెప్పకూడదు. ఇంటివాళ్లు అడగకూడదు" అంది, ముందుకే చూస్తూ. "నేను ఆ బండ్లకు చుట్టాన్నీ కాదు, ఇంటిదాన్నీ కాదు. ఎంత కావల్లో, ఎవరికి కావల్లో నేను చెప్తే ఎవరికి నామోషీ? రా తల్లీ, ఎక్కు. పొద్దుపోతాంది."

తిప్పక్క ఎక్కింది. బండి కదిలింది. ఎన్నాళ్లకు వస్తుందో, తిరిగి ఎవరు తీసుకొస్తారో నేను అడగలేదు. అత్తను అడిగే అలవాటు నాకు లేదు. కొంతదూరం పోనిచ్చాక ఉండబట్టలేక పరుగెత్తాను. కిటికీ పక్కన పరుగెడుతూనే అడిగాను.

"ఎప్పుడొస్తావు అత్తా?"

ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. ఇన్నాళ్లకు తిరిగింది.

"అడిగినావు గదా" అంది. "వస్తాలే."